ముసురులో మా గుడారాలు

పోయిన శ్రావణమాసంలో రావులపాలెం నుంచి ఇద్దరు టీచర్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళ స్కూల్లో స్కౌట్లకీ గైడ్లకీ రెండు రోజుల క్యాంపు పెడుతున్నారట. ఈ చుట్టుపక్కల పాతకాలం గైడ్ కెప్టెన్లలో ఇంకా నడవగలిగేదాన్ని నేనొక్కదాన్నేనని ఎవరో చెప్పారట. "మీరొచ్చి పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పాలండి" అన్నారు. నాలుగేం ఖర్మ, నలభై చెబుతానని, మోకాళ్ళ నెప్పులు కూడా మర్చిపోయి ఒప్పేసుకున్నాను. తీరా ఆటో దిగి చూస్తే అది కల్యాణ మండపం! వాన పడొచ్చని ఫోనులో చూపించిందట, అందుకని పెళ్ళిళ్ళ హాల్లో క్యాంపు పెట్టారు. నున్నటి టైల్సు మీద రంగురంగుల గుడారాలు నిలబెట్టారు. టైల్సులో మేకులు దిగవు కదా, తాళ్ళన్నీ ప్లాస్టిక్ కుర్చీలకి కట్టి, కుర్చీలు కదలకుండా ఒక్కో దాంట్లో ఒక్కో పిల్లనో పిల్లాడినో కూర్చోబెట్టారు. వేదిక వెనక గోడకి ఎవరి పెళ్ళివో థర్మోకోలు హంసలు రెండు ఇంకా అలాగే అంటుకుని ఉన్నాయి. మాట్లాడుతున్నంతసేపూ నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివర్లో, ముందు కుర్చీలో తాడుకి కాపలా కాస్తున్న ఓ చిన్నపిల్ల లేచి "మామ్మగారూ, మీ రోజుల్లో వానొస్తే ఏం చేసేవారండి?" అని అడిగింది. ఆ పిల్ల లేవగానే కుర్చీ లేచింది, కుర్చీతో పాటు గుడారమూ కూలింది. ఆ గొడవలో నా జవాబు ఎవరు వింటారు? భోజనాలకి పిలిచేశారు. చెప్పాల్సిన జవాబు గొంతులోనే ఉండిపోయి రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాన్న కాలవ లాకుల దగ్గర లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, కాలవలో నీళ్ళెంత ఉన్నాయో చూసి పైవాళ్ళకి చెప్పడం ఆయన ఉద్యోగం. లాకుల పక్కనే గవర్నమెంటు వారిచ్చిన రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాన్న పొద్దున్నే లేచి, మొహమైనా కడుక్కోకుండా గట్టు దిగి, నీళ్ళలో పాతిన స్కేలు చూసొచ్చేవాడు. అమ్మ కాఫీ గ్లాసు అందిస్తూ "ఎంతుందండీ?" అనేది, పక్కింటి పిల్లాడికి జ్వరమెంతుందని అడిగినట్టు. ఆయన అంకె చెప్పేవాడు. ఆ తర్వాతే ప్రార్థన, ఆ తర్వాతే మిగతా లోకం. ఆదివారం పాస్టరుగారి ప్రసంగం మధ్యలో చినుకు శబ్దం వినిపిస్తే చాలు, నాన్న చెవులు కిటికీ వైపు వెళ్ళిపోయేవి. అమ్మ మోచేత్తో పొడిచేది.

ముసురు పట్టిందంటే మా ఇంటి వాసనే మారిపోయేది. ఆరని బట్టల వాసన, తడిసిన గోనెసంచుల వాసన, కుంపటి మీద ఆరబెట్టిన నాన్న ఖాకీ చొక్కా వాసన, అన్నీ కలిసి గదిలో తిరుగుతుండేవి. అమ్మకి వానాకాలమంటే యుద్ధమే. ఎండలు ఉండగానే కొబ్బరి డొక్కలు తెచ్చి పొయ్యి పైన అటక మీద పేర్చేది. అవి నెలల తరబడి పొగ పీల్చి పీల్చి నల్లగా, గలగలలాడుతూ తయారయ్యేవి. అగ్గిపెట్టె బియ్యపు డబ్బాలో, సరిగ్గా బియ్యం మధ్యలో దాచేది. పొద్దున్నే డొక్కలోంచి పీచు లాగి, రెండు అరచేతుల మధ్య నలిపి, పిచ్చుక గూడులా చేసి, ఒకే ఒక్క పుల్ల గీసి పొయ్యి వెలిగించేది. బయట ఎంత కుండపోతగా కురుస్తున్నా సరే, రెండో పుల్ల గియ్యడం ఆవిడ దృష్టిలో పరువు తక్కువ. ఇదంతా ఒక చదువని నాకప్పుడు తెలియదు. పొయ్యి దగ్గరికి రమ్మంటే పుస్తకం అడ్డం పెట్టుకుని తప్పించుకునేదాన్ని. పెద్ద చదువరిని మరి!

టీచరు ట్రైనింగ్ అయ్యాక మా ఊరికి నాలుగు మైళ్ళలో ఉన్న మిషను బాలికల హైస్కూల్లో చేరాను. హెడ్మిస్ట్రెస్ గ్రేసమ్మగారు. భారీ మనిషి. గంజి పెట్టిన తెల్లచీర, చేతిలో ఎండకీ వానకీ ఒకటే నల్ల గొడుగు. ఆవిడ వరండాలో నడిస్తే ముందు చీర చప్పుడు వినిపించేది, తర్వాత మా గుండెల చప్పుడు. నవ్వగా చూసినవాళ్ళు ఆ స్కూల్లో లేరు. నేను చేరిన నెలలోనే పిలిచి "సుగుణా, నీకు వయసుంది, కాళ్ళున్నాయి. ఇవాళ్టి నుంచి గైడ్స్ నీది" అన్నారు. స్టోరు గదిలో ఎవరో దాత ఇచ్చిన ఆరు గుడారాలు, ఒక ఇంగ్లీషు పుస్తకం చూపించారు. ఆ పుస్తకం ఏ చలిదేశంలోనో అచ్చయింది. గుడారం కొండవాలు మీద వేసుకోమని అందులో బొమ్మలతో సహా ఉంది. మా తాలూకా అంతా గాలించినా కొండ అంటే కాలవ గట్టే! అయినా నేను ఆ పుస్తకాన్నే నమ్ముకున్నాను. దాన్ని బట్టీపట్టి, పద్దెనిమిది మంది పిల్లల్ని వెంటేసుకుని, ఊరి చివరి కొబ్బరితోటలో మూడు రోజుల క్యాంపు పెట్టాను.

ఆ మొదటి క్యాంపు గురించి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. రెండో రోజు పొద్దున వాన మొదలైంది. మా పిల్లల్లో సగం మంది రైతుల బిడ్డలు, సగం మంది కూలివాళ్ళ బిడ్డలు. నీళ్ళొస్తున్నాయంటే చాలు, ఎవరూ చెప్పకుండానే వాళ్ళ చేతులు గట్టు వేసేస్తాయి. అరగంటలో ఒక్కో గుడారం చుట్టూ మోకాటి ఎత్తు గట్టు లేచింది, ఎక్కడా చిన్న గండి లేకుండా, పైన నున్నగా మెత్తి మరీ. ఊళ్ళో కాకలు తీరిన రైతులు కూడా అంత ముచ్చటగా వెయ్యలేరు. నేనూ మురిసిపోయాను. బయటి నీళ్ళు లోపలికి రాలేదు, నిజమే. కానీ గుడారం మీద పడ్డ వానంతా జారి ఆ గట్టు లోపలే నిలిచింది. గంట తిరిగేసరికి ఆరు గుడారాలూ ఆరు వరిమడులయ్యాయి. దానికి తోడు మేకుల్ని గేదెను కట్టేసే గుంజల్లా నిట్టనిలువుగా పాతాం, తాళ్ళు బిగించి కట్టాం. జనపనార తాళ్ళు తడిస్తే ఇంకా బిగుసుకుంటాయని ఎవరికి తెలుసు? అవి బిగుసుకుని ఆ మెత్తటి ఒండ్రులోంచి మేకుల్ని పళ్ళు పీకినట్టు పీకేశాయి. పక్కబట్టలు తేలాయి, బియ్యం తేలింది, నా ఇంగ్లీషు పుస్తకం కూడా తేలింది. మధ్యాహ్నానికల్లా తల్లిదండ్రులు గొడుగులేసుకుని, బండ్లు కట్టుకుని వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు.

వాళ్ళలో శేషాచార్యులు మాస్టారు ఒకరు. ఆయన ఊళ్ళో మగపిల్లల హైస్కూల్లో తెలుగు పండితులు, అక్కడి స్కౌట్ మాస్టరు కూడా. ఆయన ఒక్కగానొక్క కూతురు మంగతాయారు నా దగ్గర గైడు. పన్నెండేళ్ళ పిల్ల, గట్టిగా దగ్గితే ఎగిరిపోయేలా ఉండేది. ఆయన తోట మధ్యలో నిలబడి, ఆరు మడుల్నీ తీరిగ్గా చూసి, "మడి బాగా తయారైందండి టీచరుగారూ! నారెప్పుడు పోస్తున్నారు?" అన్నారు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. రెండు నెలలపాటు నేను సంతకి వెళ్ళినా, పోస్టాఫీసుకి వెళ్ళినా ఎవడో ఒకడు నారు ధర అడిగేవాడు.

నవ్వుతో పోతే బాగానే ఉండును. స్కూలు కమిటీవాళ్ళు సమావేశమై, ఆడపిల్లలకి ఈ క్యాంపులు సరిపడవు, ఆ గుడారాలు మగపిల్లల స్కూలుకి ఇచ్చేస్తే అక్కరకొస్తాయని తేల్చారు. గ్రేసమ్మగారు రెండు గంటలు వాళ్ళతో వాదించి వచ్చి నన్ను పిలిచారు. "సుగుణా, ఒక్క ఏడాది ఆపగలిగాను. వచ్చే వానాకాలం మళ్ళీ క్యాంపు పెడతావు. అదే తోట, అవే మూడు రోజులు. వానకి పారిపోయారన్న మాట వానలోనే పోవాలి. ఒక్క పిల్ల, ఒక్కటంటే ఒక్కటి, మధ్యలో ఇంటికి వెళ్ళిందా, గుడారాలు పోతాయి, గైడ్సూ పోతుంది. ఈ స్కూలు ఆడపిల్లని మళ్ళీ ఎవరూ గేటు దాటనివ్వరు" అన్నారు. నాకు ఇరవై మూడేళ్ళు. సరేనండి అన్నాను గానీ, బయటికొచ్చి స్టోరు గదిలో గుడారాల మూటల మీద కూర్చుని ఏడ్చేశాను. నా పరువు సంగతి అటుంచండి. ఆ పద్దెనిమిది మందిలో చాలామందికి స్కూలు, ఇల్లు, పొలం తప్ప నాలుగో చోటు తెలియదు. ఆ నాలుగో చోటు నా తెలివితక్కువ వల్ల మూసుకుపోతోందే అన్నది నా బాధ.

ఇంటికెళ్ళి చెబితే నాన్న పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. "గట్టు వేశారా? పైనించి పడే నీళ్ళకి గట్టేం చేస్తుందే పిచ్చిదానా?" అని, అప్పటికప్పుడు పార భుజాన వేసుకుని నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు. సన్నగా జల్లు పడుతోంది. జేబులోంచి గుప్పెడు ఊక తీసి నేల మీద పారుతున్న నీళ్ళలో చల్లాడు. "ఊరికే నిలబడి చూడమ్మా. ఊక ఎటు పోతోందో నీళ్ళు అటే పోదామనుకుంటున్నాయి. మనం ఇంకో దారి పట్టించబోతే అవి వినవు. వాటి దారిలో మనం లేకుండా చూసుకోవాలంతే." పావుగంట తడుస్తూ నిలబెట్టాడు. తర్వాత గుడారమంత మేర చుట్టూ జానెడు లోతున బోదె తవ్వించాడు. బోదె అంటే ఏం లేదు, మా తోటల్లో నీళ్ళు పారడానికి తీసే చిన్న కాలవ. దాని మూతి ఊక పోయిన పల్లం వైపు తెరిచి, తోట పెద్ద బోదెలో కలిపించాడు. మేకుని తల గుడారానికి అవతలి వైపు వాలేలా పాతాలన్నాడు. మేకు నిలవనంత మెత్తటి నేలయితే కొబ్బరిమట్ట మొదలు ఒకటి అడ్డంగా గోతిలో పూడ్చి తాడు దానికి కట్టమన్నాడు. పడవల్ని గట్టుకి కట్టేటప్పుడు లాకుల దగ్గర తాము చేసే పని అదేనట. ఇన్నేళ్ళూ నా కళ్ళెదుటే చేశాడు. నేను చూడలేదు.

ఆ ఏడాదంతా శుక్రవారం సాయంత్రాలు మా స్కూలు ఆవరణలో వాన కురిసింది. మబ్బు లేకపోతే మేమే కురిపించేవాళ్ళం. ఇద్దరు పిల్లలు స్టూళ్ళెక్కి నూతి చేదలతో గుడారం మీద నీళ్ళు కుమ్మరిస్తుంటే, లోపల ఇద్దరు పళ్ళెంలో పొడి అటుకులు పెట్టుకుని కూర్చునేవారు. అటుకులు మెత్తబడితే ఆ జట్టు ఓడినట్టు. గుడారం గుడ్డకి లోపల్నుంచి వేలు తగిలితే చాలు, అక్కణ్ణుంచే నీళ్ళు కారతాయి. అందుకని కదలకుండా, మెదలకుండా, ముక్కు దురద పెట్టినా ఓర్చుకుని కూర్చోవడం ఒక విద్యయింది. మబ్బు కమ్మగానే నేను ఒక ఈల వేస్తే అందరూ పరిగెత్తి తాళ్ళు వదులు చెయ్యాలి. నీళ్ళ దారి చూడడంలో మంగతాయారుని మించినవాళ్ళు లేరు. ఊక చల్లి, గొంతుక్కూర్చుని, అరిచేతిలో గడ్డం పెట్టుకుని చూసేది. చూసి "అటండి టీచరుగారూ" అని వేలు చూపిస్తే అంతే, ఇంక తిరుగులేదు. వాళ్ళ నాన్నగారు ఆ పిల్లని మాన్పించలేదు. "ఒక ఏడు ముచ్చట తీరనివ్వండి. గుడారాలు ఎటూ మా స్కూలుకే వస్తాయి కదా!" అనేవారు నవ్వుతూ. నాకు ఒళ్ళు మండేది.

పొయ్యి సంగతి నా వల్ల కాలేదు. తడిసిన చోట పొయ్యి వెలిగించడం నాకే రాదు, ఇంక పిల్లలకేం చెబుతాను? సిగ్గు విడిచి అమ్మని అడిగాను. ఆవిడ అంతకుముందు నా స్కూలు గేటు లోపల అడుగు పెట్టలేదు. "నాకు చదువు రాదు, టీచర్ల మధ్య నేనేంటి?" అనేది. ఆ రోజు మాత్రం ఇస్త్రీ చీర కట్టుకుని, చంకలో కొబ్బరి డొక్కల మూట, కొంగున అగ్గిపెట్టె ఉన్న బియ్యపు సంచీ ముడేసుకుని వచ్చింది. పద్దెనిమిది మంది పిల్లలు చుట్టూ కూర్చున్నారు. అమ్మ కొంగు సర్దుకున్నదే సర్దుకుంటోంది. పీచు చేతిలోకి రాగానే కొంగు సంగతి మర్చిపోయింది. "ఇదిగో అమ్మలూ, పీచు ఇలా నలపాలి. బతిమాలినట్టు ఊదాలి, కసిరినట్టు కాదు. రెండో పుల్ల లేదనుకోండి" అని ఒక్క పుల్లతో మంట లేపింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న గ్రేసమ్మగారు లోపలికొచ్చి "వందనాలండి టీచరుగారూ" అన్నారు మా అమ్మతో. అమ్మా నేనూ ఇంటిదారి పట్టాం. లాకుల దగ్గరికొచ్చాక "నన్ను టీచరుగారన్నారే!" అంది. అంది, ఏడ్చింది.

మళ్ళీ వానాకాలం వచ్చింది. అదే తోట. ఈసారి కొబ్బరిచెట్ల కింద కాకుండా కాయలూ కమ్మలూ మీద పడనంత దూరంలో, మెరక చూసుకుని గుడారాలు వేశాం. నాన్న రోజూ రేడియో వింటూ, కాలవ స్కేలు చూస్తూ ఉంటానన్నాడు. తుఫాను కబురుగానీ, నీటిమట్టంలో తేడాగానీ ఉంటే సైకిలు మీద మనిషిని పంపుతానని, ఆ మనిషి వస్తే గ్రేసమ్మగారి షరతుని కాలవలో కలిపేసి పిల్లల్ని వెంటనే స్కూలుకి చేర్చాలని ఒట్టు వేయించుకున్నాడు. మొదటి రోజు ఎండ కాసింది. నాకు ఆ ఎండ చూసి భయమేసింది. ఎండలో మూడు రోజులుండి వెళితే ఏం గెలిచినట్టు? రెండో రోజు పదింటికి తూర్పున మబ్బు నల్లగా లేచింది. ఈల వేశాను. ఆరు గుడారాల తాళ్ళు ఒక్కసారే వదులయ్యాయి. వాన దిగింది. సన్నగా మొదలై, ఈదురుగాలి తోడై, ఎదుటి మనిషి కనపడనంత జోరుగా కొట్టింది. బోదెలు నిండి, పల్లం వైపు బుద్ధిగా పరిగెత్తాయి. లోపల అటుకులు కరకరలాడుతూనే ఉన్నాయి. పిల్లలు అవి నములుతూ, పాటలు పాడుతూ కూర్చున్నారు. నేను గుడారం నుంచి గుడారానికి పరిగెత్తుతూ నేల తడిమి చూసుకుంటున్నాను. పొడి. అన్నీ పొడి. నాకు గట్టిగా కేకెయ్యాలనిపించింది. వేశాను కూడా.

మూడింటికి తోట బాటలో ఎడ్లబండి ఒకటి వచ్చింది. శేషాచార్యులు మాస్టారు గొడుగు కింద, గొడుగుతో సహా తడిసిపోయి దిగారు. బండి మగపిల్లల స్కూలుది. గుడారాలు వేసుకుపోవడానికి తాళ్ళు కూడా తెచ్చుకున్నారు. "చాలండి టీచరుగారూ, పిల్లలకి జ్వరాలొస్తాయి. అమ్మాయిని తీసుకెళ్తాను. మీరూ సర్దేయండి, ఎలాగూ బండి తెచ్చాను" అన్నారు. తండ్రి వచ్చి పిల్లని తీసుకెళ్తానంటే నేను కాదనగలనా? ఆ పిల్ల బండెక్కిందంటే అన్నీ పోయినట్టే. "మీ అమ్మాయి, మీ ఇష్టమండి. కానీ ఒక్కసారి లోపలికొచ్చి చూడండి" అన్నాను.

సరిగ్గా అప్పుడే, నా ఖర్మ కాకపోతే, బోదెల్లో నీళ్ళు ఎగదన్నడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా జోరుగా పారినవి ఆగిపోయి, అంచులు దాటి గుడారాల వైపు పాకుతున్నాయి. మాస్టారు గొడుగు పారేసి, పంచె ఎగ్గట్టి "చూస్తారేంటర్రా? గట్టు వెయ్యండి! పార ఇలా ఇవ్వండి!" అని తనే రెండు చేతులా మట్టి తీసి గుడారం చుట్టూ మెత్తడం మొదలుపెట్టారు. పాపం, ఆయనా ఇక్కడివాడే కదా. నలుగురైదుగురు పిల్లలు అలవాటు కొద్దీ వంగారు కూడా.

"వద్దండి నాన్నగారూ!" అంది మంగతాయారు.

వాళ్ళ నాన్నగారికి ఎదురుచెప్పడం ఆ పిల్ల జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. ఆయన మట్టితో అలాగే ఆగిపోయారు. "గట్టు వేస్తే గుడారం మీది నీళ్ళు లోపలే ఉండిపోతాయండి. పోయినేడు అలాగే మునిగామండి" అని, నడుముకి కట్టుకున్న సంచీలోంచి ఊక తీసి బోదెలో చల్లింది. ఊక ముందుకి పోలేదు. ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఆ పిల్ల గొంతుక్కూర్చుని, అరిచేతిలో గడ్డం పెట్టుకుని, ఆ వానలో, ఆ గాలిలో, అలా చూసింది. వాన వీపు మీద కొడుతోంది. "కింద ఎక్కడో మూసుకుపోయిందండి టీచరుగారూ. పెద్ద బోదెలోనే" అని లేచి పరిగెత్తింది. వెనకాల పదిమంది పరిగెత్తారు. వాళ్ళ వెనక నేను. నా వెనక మాస్టారు. తోట చివర ఓ కొబ్బరికమ్మ విరిగి బోదెకి అడ్డంగా పడి ఉంది. దానికి చెత్తా చెదారం పట్టి ఆనకట్టలా తయారైంది. పిల్లలు వరసగా పట్టుకుని, "ఐలేసా" అని లాగారు. మూడో లాగుకి కమ్మ ఊడింది. నీళ్ళు భళ్ళున దూకి పోయాయి. వెనక్కి తిరిగి వచ్చేసరికి గుడారాల చుట్టూ బోదెలు సగానికి దిగి, పారుతున్నాయి.

మాస్టారుని మా గుడారంలో కూర్చోబెట్టాం. "తల గుడ్డకి తగలనివ్వకండి నాన్నగారూ, కారుతుంది" అని కూతురు చెబితే, ఆయన బుద్ధిగా మెడ వంచుకుని కూర్చున్నారు. పైన టార్పాలిను కట్టిన పొయ్యి దగ్గర అల్లం, బెల్లం వేసి కాచిన నీళ్ళు మంగతాయారు గ్లాసులో తెచ్చిచ్చింది. "ఎవరు కాచారే?" అన్నారాయన. "నేనేనండి. ఒక్క పుల్లతో వెలిగించానండి." ఆయన చాలాసేపు ఊదుకుని ఊదుకుని తాగారు. నేల మీద అరచెయ్యి పెట్టి చూశారు. మళ్ళీ ఇంకోచోట పెట్టి చూశారు. "మా వంటింట్లో పొద్దుట్నుంచీ నాలుగు చోట్ల గిన్నెలు పెట్టామండి, చూరు కారుతోందని. ఇక్కడే నయం, చక్కగా పొడిగా ఉంది" అన్నారు. తర్వాత బయటికి తల పెట్టి, బండి మనిషితో "నువ్వు పోరా అబ్బాయి. గుడారాలు ఇక్కడే ఉంటాయి. పిల్లా ఇక్కడే ఉంటుంది" అన్నారు. ఆ మాట విన్నాక నేను గుడారం వెనక్కి వెళ్ళి మళ్ళీ ఏడ్చాను. ఈ ఏడుపు వేరు. ఆయన వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, "టీచరుగారూ, నారు మాట ఇంక నేననను. వచ్చే నెల మా స్కౌట్లని పంపిస్తాను, కాస్త మీ పిల్లల చేత నేర్పించండి" అన్నారు. పెద్దమనిషి. అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా.

ఇప్పటివాళ్ళకి నేను వెటకారం చేస్తున్నానని అనుకోకండి. ఫోనులో వాన సంగతి ముందే తెలియడం ఎంత మంచిది! మా నాన్న ఉండి ఉంటే ఆ ఫోనుకి దండం పెట్టేవాడు. తుఫాను హెచ్చరిక వస్తే పిల్లల్ని గడప దాటనివ్వనని ఒట్టేస్తాను, ఆ గాలి ఏం చేస్తుందో ఈ సీమలో చూడనివాళ్ళు లేరు. నాకు కోపమల్లా మామూలు ముసురుని చూసి జడుసుకోవడం మీద. మాకప్పుడు టైల్సు లేవు, జిప్పుల గుడారాలు లేవు, ప్రతి తల్లి చేతిలో ఫోను లేదు. లేకపోవడం గొప్పేం కాదు. కానీ నీళ్ళు ఎటు పోతాయో చూసే తీరిక ఉండేది, తడిస్తే ఆరతామన్న ధైర్యం ఉండేది. కుర్చీకి కట్టిన తాడుని కాపలా కాసే పిల్లకి ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ పిల్లలో లోటేం లేదు, లేచి ప్రశ్న అడిగింది. లోటంతా మన పెద్దవాళ్ళలోనే ఉందని నా గట్టి నమ్మకం.

మూడో రోజు మధ్యాహ్నం తెరిపిచ్చింది. గుడారాలు విప్పి, తవ్విన బోదెలు పూడ్చి, తోటని ఎలా ఇచ్చారో అలా అప్పజెప్పి బయల్దేరాం. దారిలో ఇద్దరు ముగ్గురు బండ్లు ఆపి ఎక్కమన్నారు. పిల్లలు ఎక్కలేదు. మూటలు నెత్తి మీద పెట్టుకుని, బురద కాళ్ళతో, ఊరి నడివీధిలోంచే వెళ్దామని పట్టుబట్టారు. వెళ్ళాం. పోయినేడు నారు ధర అడిగినవాళ్ళంతా అరుగుల మీద లేచి నిలబడ్డారు. మా పిల్లలు ఎవరి వైపూ చూడలేదు. తలలు మాత్రం కొంచెం ఎక్కువే ఎత్తుకుని నడిచారు. నేను ఇంకా ఎక్కువ ఎత్తుకున్నాను, దాచుకోవడమెందుకు.

స్కూలు గేటు దగ్గర గ్రేసమ్మగారు గొడుగు మీద చేతులానించి నిలబడి ఉన్నారు. పిల్లల్ని వరసలో నిలబెట్టారు. ఒక్కొక్కరి నెత్తి మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టారు. చివర మంగతాయారు దగ్గరికొచ్చేసరికి పద్దెనిమిది. ఆవిడ నమ్మలేక మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టారు. మళ్ళీ పద్దెనిమిదే. "ఒక్కరూ వెళ్ళలేదా?" అన్నారు. "లేదండి" అన్నాను. ఆవిడ గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు, వాన లేకపోయినా. కాసేపటికి గొడుగు వెనకనుంచే మాటలు వినిపించాయి.

"సుగుణా, కమిటీకి నేను చెబుతాను. గుడారాలు ఎక్కడికీ పోవు. వచ్చే ఏడు నేనూ వస్తాను."

"తప్పకుండా రండి మేడమ్. నా గుడారంలోనే..."

"వద్దొద్దు. నాకు వేరేగా, కాస్త దూరంగా వెయ్యి. నేను గురక పెడతాను."

పిల్లలు ఒక్క క్షణం బిక్కచచ్చిపోయి, తర్వాత పగలబడి నవ్వారు. గొడుగు కూడా ఊగింది. మరుసటి వానాకాలం ఆవిడ నిజంగానే వచ్చారు. దూరంగానే వేశాం. అయినా వినిపించింది.